గ్రహాంతరవాసుల సినిమాల్లో ఊరూ గేరీ

అమ్మా, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఎం.ఏ. ఇంగ్లీషు ప్రాజెక్టుకు సైన్స్ ఫిక్షన్ సినిమాల్లో జాతి వేర్పాటు అనే అంశం తీసుకున్నానన్నావు. నల్లవాళ్లకు జరిగిన అన్యాయం చెప్పడానికి ఏలియన్లు, కోతులు ఎందుకు, నేరుగా చెప్పొచ్చు కదా అని అడిగావు. కర్నూలులో కూర్చుని రాసేటప్పుడు దీన్ని మన కులంతో పోల్చడం సబబేనా, గైడ్ కాదంటే ఏం చెప్పాలి అని కూడా అడిగావు. నేను అనంతపురం, కడప జిల్లాల డిగ్రీ కాలేజీల్లో 30 ఏళ్లు ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. చివరి పదిహేనేళ్లు శనివారం మధ్యాహ్నాలు ప్రొజెక్టర్ పెట్టి పిల్లలకు సినిమాలు చూపించి, తర్వాత గంటసేపు మాట్లాడించేవాణ్ని. నేను రాసేదంతా ఆ గంటల్లో పిల్లల దగ్గర నేర్చుకున్నదే.

ముందు ‘ఎందుకు నేరుగా చెప్పరు’ అన్నదానికి వస్తాను. ఒకరిని చూపించి ఇంకొకరి సంగతి చెప్పడాన్ని మన సాహిత్యంలో అన్యాపదేశం అన్నారు. కడప జిల్లా వాళ్లకు ఇది మరీ దగ్గరి విద్య. కందిమల్లాయపల్లెలో బ్రహ్మంగారు రాబోయే రోజుల పేరు పెట్టి చెప్పిన మాటల్లో, తన రోజుల మీద కోపం ఎంత ఉందో కాలజ్ఞానం చదివితే నాకు తెలుస్తుంది. ఆయన శిష్యుల్లో దూదేకుల సిద్ధయ్య ఉన్నాడు, మాదిగ కక్కయ్య ఉన్నాడు. అది ఆ కాలంలో చిన్న విషయం కాదు. భవిష్యత్తు మాట్లాడుతున్నానంటే వినేవాడు కాస్త మెత్తబడతాడు. తనను అంటున్నారని వెంటనే అనుకోడు.

అమెరికాలో ఇదే పని ఒక రచయిత గతిలేక చేశాడు. రాడ్ సెర్లింగ్ టీవీ నాటకాలు రాసేవాడు. 1955 ఆగస్టులో మిసిసిపీ రాష్ట్రంలో ఎమ్మెట్ టిల్ అనే 14 ఏళ్ల నల్లజాతి పిల్లవాణ్ని తెల్లవాళ్లు ఎత్తుకెళ్లి చంపేశారు. పట్టుబడిన ఇద్దరినీ అందరూ తెల్లవాళ్లే ఉన్న జ్యూరీ నిర్దోషులని వదిలేసింది. సెర్లింగ్ దాన్ని మనసులో పెట్టుకుని నాటకం రాశాడు. దక్షిణాది రాష్ట్రాల్లో తమ సరుకు ఎవరూ కొనరేమోనని స్పాన్సర్లకు భయం పట్టుకుంది. 1956లో అది ప్రసారమయ్యేసరికి కథ దక్షిణాది వదిలి అమెరికా ఈశాన్యంలోని న్యూ ఇంగ్లండ్‌కు పోయింది, చనిపోయినవాడు నల్లవాడు కాకుండా పోయాడు. దక్షిణాదిని గుర్తు చేస్తాయని కోకా కోలా సీసాలు కూడా సెట్ మీద ఉండనివ్వలేదు. 1958లో మళ్లీ ప్రయత్నిస్తే మళ్లీ అదే కోత. 1959లో ఆయన ట్విలైట్ జోన్ అనే టీవీ సిరీస్ మొదలుపెట్టాడు. మనుషుల నోట వద్దన్న మాటలన్నీ అంగారకుడి మీద వాళ్ల నోట పెడితే ఏ స్పాన్సరూ అడ్డు చెప్పలేదు. ఆ సెర్లింగే తర్వాత 1968 నాటి ప్లానెట్ ఆఫ్ ది ఏప్స్ స్క్రీన్‌ప్లే రాసిన ఇద్దరిలో ఒకడు. కాబట్టి నీ మొదటి అధ్యాయం సినిమాతో మొదలుపెట్టొద్దు. ఎమ్మెట్ టిల్‌తో మొదలుపెట్టు. ఏలియన్లు ఎక్కడినుంచి వచ్చారో అక్కడ తెలుస్తుంది.

ప్లానెట్ ఆఫ్ ది ఏప్స్ నువ్వు చూసే ఉంటావు, కోతులు మనుషుల్ని ఏలే లోకం. ఒరాంగుటాన్లు మతం, చట్టం చూసుకుంటాయి. చింపాంజీలు చదువు, సైన్సు. గొరిల్లాలది తుపాకీ పని, మోటు పని. పుట్టుకతోనే పని. మా పిల్లలకు దీన్ని వివరించాల్సిన అవసరమే రాలేదు, పది నిమిషాల్లో పట్టేశారు. షూటింగ్ సంగతి ఒకటి చెప్తే మాత్రం క్లాసు నిశ్శబ్దమైపోయేది. ఆ మేకప్ వేయడానికి గంటలు పట్టేది, మధ్యాహ్నం తీసేసే వీలుండేది కాదు. అట్లాగే భోజనానికి కూర్చునేవాళ్లు. ఎవరూ చెప్పకుండానే గొరిల్లా వేషం వాళ్లు గొరిల్లాలతో, చింపాంజీలు చింపాంజీలతో, ఒరాంగుటాన్లు ఒరాంగుటాన్లతో చేరి తిన్నారని అందులో నటించినవాళ్లే తర్వాత చెప్పుకున్నారు. నేనది చెప్పిన రోజు వెనక బెంచీలో ఒకమ్మాయి, ‘మా ఊరి పెండ్లి పంక్తులు సార్’ అంది.

అదే వరుసలో 1972లో వచ్చిన నాలుగో సినిమా, కాంక్వెస్ట్, ఇంకా ముక్కుసూటిగా ఉంటుంది. కోతులు బానిసలు, తిరుగుబాటు చేస్తాయి. 1965 ఆగస్టులో లాస్ ఏంజెలెస్‌లోని వాట్స్‌లో జరిగిన అల్లర్లను మనసులో పెట్టుకుని ఆ దృశ్యాలు తీశారు. ముందుగా చూసిన ప్రేక్షకులు బెదిరిపోతే చివరి ప్రసంగాన్ని మెత్తబరిచారు. ఈ సినిమా మీద నాకు గౌరవం ఉంది, ఇబ్బందీ ఉంది. నల్లవాళ్లను కోతులనడం అక్కడ చాలా పాత తిట్టు. ఆ తిట్టునే తీసుకుని వాళ్ల పక్షాన కథ చెప్పబోతే, ఎంత మంచి మనసుతో చెప్పినా తిట్టు మిగిలిపోతుంది. ఈ మాట నీ ప్రాజెక్టులో తప్పకుండా రాయి.

ఇక డిస్ట్రిక్ట్ 9. దీని మీద ఎక్కువ రాస్తాను, ఓపిక పట్టు. 2009లో వచ్చింది, దర్శకుడు నీల్ బ్లోమ్‌క్యాంప్ దక్షిణాఫ్రికాలోని జోహన్నెస్‌బర్గ్‌లో పుట్టినవాడు. ఆ నగరం మీద ఏలియన్ల ఓడ ఒకటి ఆగిపోతుంది. ఆకలితో ఉన్న లక్షల మందిని దించి ఒక కంచె లోపల పెడతారు. అది మురికివాడ అవుతుంది. ఇరవై ఏళ్లకు పైగా గడిచాక వాళ్లను ఊరికి దూరంగా ఇంకో క్యాంపుకు తరలించాలని నిర్ణయిస్తారు. పేరులోనే చరిత్ర ఉంది. కేప్‌టౌన్ నడిబొడ్డున డిస్ట్రిక్ట్ సిక్స్ అనే పేట ఉండేది. 1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టం కింద 1966 ఫిబ్రవరి 11న దాన్ని తెల్లవాళ్ల ప్రాంతమని ప్రకటించారు. 60,000 మందికి పైగా జనాన్ని కేప్ ఫ్లాట్స్ అనే ఇసుక నేలలకు తోలి, ఇళ్లను బుల్డోజర్లతో పడగొట్టారు.

సినిమాలో ఏలియన్ల గురించి జనం అసహ్యంగా మాట్లాడే ఇంటర్వ్యూలు వస్తాయి కదా. దీనికి ముందు బ్లోమ్‌క్యాంప్ అలైవ్ ఇన్ జోబర్గ్ అని చిన్న సినిమా తీశాడు. అందులో మాట్లాడినవాళ్లలో చాలామంది నటులు కారు, రోడ్డు మీద వాళ్లు. జింబాబ్వే నుంచి, నైజీరియా నుంచి వచ్చి ఇక్కడ ఉంటున్నవాళ్ల గురించి నీ అభిప్రాయమేంటని ఆయన అడిగాడు. వచ్చిన జవాబులను ఏలియన్ల మీద చెప్పినట్టు పెట్టాడు. ఒక్క మాట కూడా మార్చాల్సిన పని లేకుండా అతికిపోయాయి. 2008 మే నెలలో వలస వచ్చినవాళ్ల మీద దక్షిణాఫ్రికాలో దాడులు జరిగి 60 మందికి పైగా చనిపోయారు. వర్ణవివక్ష పాలన పోయి పద్నాలుగేళ్లయ్యాక, నిన్నటిదాకా దాని కింద నలిగినవాళ్లే చేసిన దాడులవి. ఈ సినిమా షూటింగ్ జోహన్నెస్‌బర్గ్‌లో నల్లవాళ్ల పేట అయిన సొవెటోలోని చియావెలోలో, జనం నిజంగానే ఖాళీ చేస్తున్న గుడిసెల మధ్య జరిగింది.

నన్ను ఎక్కువ పట్టుకున్నది మాత్రం ఖాళీ చేయించే దృశ్యం. వికస్ అనే ఉద్యోగి అట్టకు కాగితాలు బిగించుకుని తలుపు తలుపుకూ పోతాడు. ‘ఇక్కడ సంతకం పెట్టండి’ అంటాడు. చేతిలో తుపాకీ ఉండదు, కోపం ఉండదు, మొహాన నవ్వు. ఒక ఏలియన్ విసురుగా ఆ అట్టను కొడితే, కాగితం మీద పడ్డ గీతనే సంతకంగా లెక్కేసుకుంటాడు. నేను నందికొట్కూరు వైపు మూడేళ్లు ఉన్నాను. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లు నిండేముందు, 1981లో, ఆ చుట్టుపక్కల ఊళ్లు ఖాళీ చేయించారు. సంగమేశ్వరం గుడి ఇప్పటికీ ఏడాదిలో ఎక్కువ నెలలు నీళ్లలోనే ఉండి ఎండాకాలంలో బయటపడుతుంది. ఆ ముంపు ఊళ్ల పెద్దవాళ్లు ఇల్లు కొలవడానికి వచ్చినవాళ్ల గురించి చెప్పేవాళ్లు. వచ్చినాయన మర్యాదగానే మాట్లాడాడనీ, మంచినీళ్లు అడిగి తాగాడనీ, చింతచెట్టును మాత్రం లెక్కలో రాయలేదనీ. డ్యాము ముంపు వేరు, జాతి వేర్పాటు వేరు. రెండింటినీ ఒకటి చేసి రాయొద్దు. నీళ్లు ఊరినీ, ఊరి బయటి దళితవాడ అయిన గేరినీ కలిపే ముంచాయి. కానీ తర్వాత నేను చూసిన ఒక పునరావాస కాలనీలో, కొత్తగా గీసిన ప్లానులో కూడా గేరి మళ్లీ ఒక పక్కకే ఉండింది. పాత ఊరు మునిగింది కానీ పాత గీత తడవలేదు.

డిస్ట్రిక్ట్ 9లో పెద్ద లోపం ఒకటుంది. వేర్పాటును తప్పుపట్టే సినిమా నైజీరియన్లను ఏలియన్ల మాంసం తినే ముఠాగా చూపించింది. ఆ ఏడాది సెప్టెంబరులోనే నైజీరియా ప్రభుత్వం అభ్యంతరం చెప్పి, థియేటర్లలో వేయొద్దంది. ఒకరి బాధ చెప్తూ ఇంకొకరిని అదే గుంతలోకి తోయడం ఈ రకం సినిమాల్లో తరచూ జరుగుతుంది. ఇంకోటి, వికస్‌కు కళ్లు తెరుచుకునేది తన శరీరం ఏలియన్‌గా మారడం మొదలయ్యాకే. అంతవరకూ వాళ్ల ఏడుపు అతని చెవికి ఎక్కదు. ఇది లోపమా, నిజాయితీయా అన్నది నువ్వే తేల్చుకో. నేను నిజాయితీ అనే అనుకుంటాను.

ఈ సినిమా నేను అనంతపురంలో వేసిన రోజు జరిగింది చెప్పాలి. చర్చ బాగా నడుస్తోంది. ఏలియన్ల గుడిసెలంటే మన గేరి లాంటిదే అని ఒకడు, అవును సార్ అని ఇంకొకడు. నేను సంతోషంగా తల ఊపుతున్నాను. గేరి నుంచే వచ్చే ఒక అబ్బాయి, ఎప్పుడూ మాట్లాడడు, లేచి అన్నాడు: ‘సార్, వాళ్ల మొహానికి నిజంగానే రొయ్య మీసాలున్నాయి. పిల్లి తిండి డబ్బాల కోసం కొట్టుకుంటారు, బండ్లు తగలబెడతారు. చూసినవాళ్లు భయపడితే తప్పేముంది? మాకు అవన్నీ ఎక్కడున్నాయి సార్?’

నా దగ్గర జవాబు లేదు. వారం రోజులు ఆలోచించాను, ఆ తర్వాత ఇన్నేళ్లూ ఆలోచిస్తూనే ఉన్నాను. నీ ప్రాజెక్టు మొత్తానికి ఇదే గుండెకాయ అని నా అభిప్రాయం. అన్యాపదేశంలో తేడా నిజం. ఈ సినిమాల్లో వేరుగా పెట్టినవాళ్లకు కొమ్ములుంటాయి, కళ్లల్లోంచి మంటలొస్తాయి. నల్లా తెల్లా మధ్య, ఊరికీ గేరికీ మధ్య అట్లాంటి తేడా ఏదీ లేదు. ఉన్నదల్లా ఎవరో గీసిన గీత. దక్షిణాఫ్రికాలో మనిషి తెల్లవాడా కాదా అని సందేహం వస్తే జుట్టులో పెన్సిల్ దూర్చి చూసేవాళ్లు. జారి పడిపోతే ఒక జాతి, ఇరుక్కుంటే ఇంకో జాతి. ఒకే ఇంట్లోవాళ్లు వేర్వేరు జాతుల కింద నమోదైన సంగతులున్నాయి. తేడా నిజంగా ఉంటే పెన్సిల్ ఎందుకు?

కులం దగ్గర అంబేడ్కర్ ఈ మాటను 1936లోనే, కులనిర్మూలనలో చెప్పాడు. పంజాబు బ్రాహ్మణుడూ, అంటరానివాడన్న పంజాబు చమారూ ఒకే జాతి రక్తమనీ, కులం జాతుల విభజన కాదు, ఒకే జాతి జనంలో పెట్టిన విభజన అనీ. క్లాసులో లేచిన ఆ అబ్బాయి ఈ పుస్తకం అప్పటికి చదవలేదు. బతికిన బతుకులోంచే అక్కడికి వచ్చాడు.

కాబట్టి పోల్చొచ్చా అంటే, పోల్చొచ్చు. గైడ్ కాదంటే చరిత్ర చూపించు. 1946లో అంబేడ్కర్ అమెరికాలోని నల్లజాతి మేధావి డు బోయిస్‌కు ఉత్తరం రాశాడు. ఐక్యరాజ్యసమితికి అక్కడి నల్లవాళ్లు పెట్టిన అర్జీ ప్రతులు కావాలని అడిగాడు, రెండు చోట్లా పరిస్థితి ఎంతో దగ్గరగా ఉందన్నాడు. డు బోయిస్ జవాబు ఇచ్చాడు. 1959లో మార్టిన్ లూథర్ కింగ్ కేరళ వచ్చినప్పుడు తిరువనంతపురంలో ఒక బడి హెడ్‌మాస్టరు, అమెరికా నుంచి వచ్చిన తోటి అంటరానివాడు అని పిల్లలకు ఆయన్ను పరిచయం చేశాడు. మొదట మనసు చివుక్కుమన్నా, ఆలోచిస్తే నిజమే అనిపించిందని కింగ్ 1965లో చెప్పుకున్నాడు. 1972లో బొంబాయిలో దళిత్ పాంథర్స్ తమ పేరును అమెరికా నల్లవాళ్ల పోరాట సంఘం బ్లాక్ పాంథర్స్ నుంచి తీసుకున్నారు. ఈ మూడూ చాలు. జాతీ కులమూ ఒకటే అని మాత్రం రాయొద్దు. అంబేడ్కరే ఒప్పుకోలేదు. గీత గీసే పద్ధతి ఒకటే అని రాయి.

ఆ అబ్బాయి ప్రశ్నకు దగ్గరగా జవాబు చెప్పిన సినిమా ఒకటి నాకు తర్వాత దొరికింది. ది బ్రదర్ ఫ్రమ్ అనదర్ ప్లానెట్, 1984, జాన్ సేల్స్ తీశాడు. చిన్న బడ్జెట్. వేరే గ్రహం నుంచి పారిపోయి వచ్చిన బానిస న్యూయార్క్‌లో దిగి, నల్లవాళ్లుండే హార్లెమ్ చేరతాడు. జో మోర్టన్ ఆ పాత్ర వేశాడు. మాట రాదు, కాలికి మూడే వేళ్లు. బూట్లు వేసుకుంటే అదీ కనిపించదు. హార్లెమ్‌లో ఎవరూ అతన్ని ఏలియన్ అనుకోరు, నల్లవాడనే అనుకుంటారు. అతన్ని పట్టుకోవడానికి వచ్చిన ఇద్దరూ తెల్లగా ఉంటారు. మ్యూజియంలో ఒక పిల్లవాడి పక్కన నిలబడి, పారిపోతున్న బానిస బొమ్మను చూసి, నేనూ అదే అని సైగ చేస్తాడు. ఆ దృశ్యం చూసినప్పుడు నాకు గొంతు పట్టేసింది. ఇక్కడ తేడా బూటులో దాగేంతే. మిగతాదంతా వెంటపడేవాళ్ల దగ్గరే ఉంది. అందరూ డిస్ట్రిక్ట్ 9 మీదే రాస్తారు. నువ్వు దీనికి ఒక అధ్యాయం ఇవ్వు.

ఎక్స్‌మెన్ గురించి అడిగావు. పుట్టుకతో వింత శక్తులున్న మ్యూటెంట్ల కథ అది, 1963లో కామిక్స్‌గా మొదలై, 2000లో సినిమా అయింది. వాళ్ల ఇద్దరు నాయకుల్లో ప్రొఫెసర్ ఎక్స్ అంటే కింగ్, మాగ్నెటో అంటే నల్లవాళ్ల మరో నాయకుడు మాల్కం ఎక్స్ అని ఎక్కడ చూసినా రాసి ఉంటుంది. దాన్ని అట్లాగే దించేయొద్దు. మొదటి సంచికల్లో ఆ పోలిక అంత స్పష్టంగా కనిపించదు, తర్వాతి దశాబ్దాల్లో బలపడింది. సినిమాలో మాగ్నెటో బాల్యం 1944 పోలండులో, నాజీ క్యాంపు గేటు ముందు మొదలవుతుంది. అక్కడున్న గాయం అది. ఆ గేరి అబ్బాయి ప్రశ్న ఇక్కడ ఇంకా గట్టిగా తగులుతుంది. చూపుతో గోడలు పేల్చగలిగేవాణ్ని చూసి భయపడటం అన్యాయం అని ఎట్లా అంటావు?

కానీ ఆ సినిమాలో నాకు పనికొచ్చింది మ్యూటెంట్లందరినీ రిజిస్టరు చేయాలనే బిల్లు. మనకు అది కల్పన కాదు. 1871లో బ్రిటిష్ వాళ్లు నేరస్థ తెగల చట్టం తెచ్చారు. 1911 చట్టంతో మద్రాసు రాజ్యం కిందున్న మన దత్తమండలాలకూ, అంటే ఇప్పటి రాయలసీమకూ వచ్చింది. ఎరుకల కుటుంబంలో పుడితే చాలు, ఏ నేరం చేయకపోయినా పేరు రిజిస్టరులో, వేలిముద్ర కాగితం మీద. హాజరు పలకాలి, చెప్పకుండా ఊరు దాటకూడదు. సెటిల్‌మెంట్లు కట్టి కంచె లోపల పెట్టారు. ఆ చట్టం దేశమంతటా రద్దయింది 1952లో, స్వాతంత్ర్యం వచ్చిన ఐదేళ్లకు. కర్నూలు, అనంతపురం జిల్లాల్లో ఆ హాజరు సంగతి అవ్వల నోట విన్న మనవళ్లు ఇంకా ఉన్నారు. నీకు వీలైతే వాళ్ల అనుమతితో మాట్లాడు. పుస్తకాల్లో దొరకనిది దొరుకుతుంది.

గట్టాకా, 1997. పిండంగా ఉన్నప్పుడే జన్యువులు ఏరి పుట్టించినవాళ్లు ఒక వర్గం, మామూలుగా పుట్టినవాళ్లు ఇంకో వర్గం. వివక్ష చూపకూడదని చట్టం ఉంటుంది, ఎవరూ పట్టించుకోరు. తలుపు పిడి మీద, షేక్‌హ్యాండ్‌లో, అప్లికేషను కవరుకు అంటిన ఉమ్మిలో మనిషి పుట్టుక దొరికిపోతుంది. ఇక్కడ హీరో శరీరంలో కనిపించే తేడా ఏదీ లేదు, కాగితంలో ఉంది. అనంతపురంలో అద్దె ఇల్లు వెతుక్కున్న మా పిల్లలకు ఇది సైన్స్ ఫిక్షన్‌గా అనిపించలేదు. ‘మీరేమట్లు?’ అని కులం నేరుగా అడిగేవాళ్లు కొందరు. ఇంటిపేరు అడిగి, తినేది అడిగి, చివరకు ఇల్లు వేరేవాళ్లకు మాటిచ్చామనేవాళ్లు ఎక్కువ.

కల్కి 2898 ఏడీలో కాంప్లెక్స్ అనే గోడల నగరం ఉంది కదా, అది పెట్టొచ్చా అన్నావు. ఒక పేరా పెట్టు, అంతకన్నా వద్దు. అక్కడ యూనిట్లు, అంటే వాళ్ల డబ్బు, కూడబెడితే లోపలికి పోవచ్చని హీరో భైరవ ఆశ. డబ్బుతో దాటే గోడ అది. 1927 నాటి మెట్రోపాలిస్, 2013 నాటి ఎలిసియం కూడా ఆ కోవే. పుట్టుక గోడ డబ్బుకు తెరుచుకోదు. ఈ తేడా చూపించడానికి మాత్రం కల్కి బాగా ఉపయోగపడుతుంది.

టీవీదైనా స్టార్ ట్రెక్‌లో 1969 జనవరిలో వచ్చిన ఒక ఎపిసోడ్ చూడు. ఇద్దరి మొహాలూ సగం నలుపు, సగం తెలుపు. ఒకడికి కుడివైపు నలుపు, ఇంకొకడికి ఎడమవైపు. దాని మీదే వాళ్ల గ్రహం తగలబడిపోతుంది. మోటుగా చెప్పారని విమర్శకులు అంటారు. మా పిల్లలకు మాత్రం అది వెంటనే తగిలేది.

చూసే వరుస చెప్తాను. ముందు బ్రదర్, తర్వాత గట్టాకా, ఆ తర్వాత డిస్ట్రిక్ట్ 9. ఎక్స్‌మెన్ చివర్న. డిస్ట్రిక్ట్ 9లో ఖాళీ చేయించే దృశ్యం రెండోసారి చూసేటప్పుడు ఏలియన్లను వదిలేయి, వికస్ చేతిలో కాగితం ఎవరి దగ్గరినుంచి ఎవరి దగ్గరకు పోతోందో అదొక్కటే చూసి రాసుకో. అది నాలుగు పేజీలు చేసి ఇక్కడ పెట్టు, చదివి చెప్తాను.